నీలికాంతి కింద అయిదు వందల నోటు

సికింద్రాబాదులో రాణీగంజ్ దుకాణాల నుంచి స్టేషను ఎదుటి కాలిబాట దాకా ఈమధ్య చిన్నచిన్న టార్చిలైట్లు అమ్మకానికి వస్తున్నాయి. మీట నొక్కితే ఊదారంగు వెలుతురు పడుతుంది. ‘దొంగనోటు పట్టేసే లైటు’ అని అమ్మేవారు చెబుతారు. మా పాఠకులలో మోండా మార్కెట్లో కూరగాయలు అమ్మేవారు, జనరల్ బజారు బట్టల కొట్లలో పనిచేసేవారు, ఆటో నడుపుకునేవారు, సంఘాలలో కానుకలు లెక్కపెట్టే కోశాధికారులు ఉన్నారు. “అయ్యగారూ, ఈ లైటు ఒకటి కొనుక్కుంటే ఇక భయం లేనట్టేనా?” అన్నది వారిలో పలువురి ప్రశ్న.

లైటు పనికివస్తుంది. అయితే అది ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: ఈ కాగితం, ఈ సిరా నోటుకు వాడే రకంలా ఉన్నాయా అని. నోటు అసలుదా, నకిలీదా అని తీర్పు చెప్పే శక్తి దానికి లేదు. ఆ తీర్పుకు మన వేళ్ళు కావాలి, కళ్ళు కావాలి, కొంచెం ఓపిక కావాలి, అనుమానం తీరకపోతే బ్యాంకు కావాలి. ఆ లైటు ఎలా పనిచేస్తుంది, దాని కింద ఏం చూడాలి, ఎక్కడ అది మనల్ని పొరబాటు పడేస్తుంది, చేతిలో నకిలీ నోటు మిగిలితే ఏం చేయాలి అన్న సంగతులు ఒక్కొక్కటిగా చెప్పుకుందాం.

మొదట సమస్య ఎంతో చూద్దాం. రిజర్వు బ్యాంకు 2024-25 వార్షిక నివేదిక ప్రకారం ఆ ఏడాది బ్యాంకుల దగ్గర 2,17,396 నకిలీ నోట్లు పట్టుబడ్డాయి. వాటిలో 1,17,722 కొత్త నమూనా అయిదు వందల నోట్లే. అంతకు ముందటి ఏడాది అయిదు వందల నకిలీలు 85,711. రెండు వేల నోటును 2023 మే 19న ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించిన తర్వాత మన చేతుల్లో మిగిలిన పెద్ద నోటు అయిదు వందలదే. 2025 మార్చి చివరి నాటికి చలామణిలో ఉన్న నోట్ల మొత్తం విలువలో 86 శాతం దానిదే. దొంగ ఎప్పుడూ ఎక్కువ తిరిగే నోటు వెంటే పడతాడు.

ఈ లెక్క బ్యాంకు కౌంటరు దాకా వచ్చిన నోట్లది మాత్రమే. దానికి ముందే ఆ నోటు ఎన్ని చేతులు మారి ఉంటుందో ఆలోచించండి. నకిలీ నోటుకు బదులు నోటు ఎవరూ ఇవ్వరు. కాబట్టి నష్టమంతా దాన్ని చివరగా పట్టుకున్న చేతిదే. పెద్ద షాపుకు అది రోజు లెక్కలో చిన్న తేడా. గంపలో పూలు పెట్టుకుని అమ్మే తల్లికి అది ఆ రోజు రాబడి, మర్నాటి సరుకు కొనే పెట్టుబడి. ఈ విషయం మీద రాయడానికి మమ్మల్ని కదిలించినది అదే.

షరాబుల కాలం నుంచి

డబ్బును పరీక్షించి పుచ్చుకోవడం మన జంటనగరాలకు కొత్త కాదు. నిజాం సంస్థానానికి సొంత నాణెం ఉండేది. దాన్ని హాలీ సిక్కా అనేవారు. సికింద్రాబాదు కంటోన్మెంటులో బ్రిటిషు రూపాయి నడిచేది. దాన్ని జనం కల్దారు అనేవారు. సుమారు 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానం. హుస్సేన్‌సాగరు కట్ట దాటి ఇటు సరుకు కొనడానికి వచ్చినవాడు డబ్బు మార్చుకోవలసి వచ్చేది. ఆ పని షరాబులది.

షరాబు రూపాయిని రాతిమీద వేసి మోగించి చూసేవాడు. చెవికి ఖంగుమని వినిపిస్తే వెండి, బొద్దుగా మోగితే కల్తీ. బంగారమైతే గీటురాయి మీద గీసి చూసేవారు. మన పాట్ మార్కెట్ నగల అంగళ్లలో ఆ రాయి పేరు తెలియనివారు ఉండరు. అయితే అనుభవమున్న షరాబు ఒక్క మోతతో ఊరుకోడు. బరువు చూస్తాడు, అంచు చూస్తాడు, ముద్ర చూస్తాడు. ఒక పరీక్షకు మరో పరీక్ష తోడుండాలన్నది అతని వృత్తిధర్మం.

1918లో చట్టం చేసి హైదరాబాదు సంస్థానం కాగితపు నోట్లు తెచ్చాక మోత పరీక్షకు కాలం చెల్లింది. కాగితం మోగదు, దానికి బరువూ లేదు. దాని విలువంతా దాని మీద ఉన్న ముద్ర మీద, దాన్ని ఇచ్చినవారి మాట మీద ఆధారపడి ఉంటుంది. అందుకే కాగితపు నోటుకు వేరే గీటురాళ్ళు కావలసి వచ్చాయి. నీలికాంతి వాటిలో ఒకటి.

కంటికి కనబడని వెలుగు

ఇంద్రధనుస్సులో ఒక చివర ఎరుపు, మరో చివర ఊదా. ఊదా తర్వాత మన కంటికి ఏమీ కనబడదు. 1801లో జర్మనీకి చెందిన యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ అనే శాస్త్రవేత్త, వెలుగు తగిలితే నల్లబడే వెండి లవణం పూసిన కాగితాన్ని ఆ రంగుల వరుసలో పెట్టి చూశాడు. ఊదారంగు దాటిన తర్వాత, ఏ వెలుగూ కనబడని చోట, అది ఇంకా వేగంగా నల్లబడింది. అక్కడ కంటికి అందని కిరణాలు ఉన్నాయని అలా తేలింది. వాటినే మనం అతినీలలోహిత కిరణాలు అంటాం. బజారు భాషలో యూవీ.

ఈ కిరణాలు కొన్ని పదార్థాల మీద పడితే ఆ పదార్థాలు వాటిని పీల్చుకుని కంటికి కనబడే వెలుగుగా మార్చి బయటికి పంపుతాయి. మలేరియాకు వాడే క్వినైను ద్రావణం మీద ఈ కిరణాలు పడితే నీలంగా మెరుస్తుంది. ఈ గుణాన్ని 1852లో వివరించి ఇంగ్లీషులో ‘ఫ్లోరసెన్స్’ అని పేరు పెట్టినవాడు కేంబ్రిడ్జి ఆచార్యుడు జార్జి గాబ్రియేల్ స్టోక్స్. ఐర్లాండులో ఒక పల్లెటూరి పాస్టరుగారి కొడుకు ఆయన.

దీన్ని మన ఇళ్ళలో రోజూ చూస్తున్నాం. మన అమ్మలు తెల్లబట్టలకు పెట్టిన టినోపాల్, రాణిపాల్ పొడులు గుర్తున్నాయా? అవి మురికిని తీసేవి కావు. ఎండలోని యూవీ కిరణాలను పీల్చుకుని నీలికాంతిని ఇచ్చేవి. పాతబడి పసుపెక్కిన చొక్కా ఆ నీలంతో కలిసి మల్లెపూవులా కనబడేది. ఇప్పటి బట్టల సబ్బుపొడులలో ఆ పదార్థం ముందే కలిసి ఉంటుంది. మనం రాసుకునే, జిరాక్సు తీసే తెల్లకాగితంలోనూ అదే రకం పదార్థం కలుపుతారు. నోటు పరీక్షకు కీలకం ఇదే.

నోటు మీద లైటు వేస్తే

మన నోటు కాగితాన్ని చెట్టు గుజ్జుతో చేయరు. నూటికి నూరుపాళ్ళు పత్తితో చేస్తారు. అందులో తెల్లదనం పెంచే పదార్థం కలపరు. ఈ కాగితం నర్మదాపురంలోను, మైసూరులోను ఉన్న మిల్లులలో తయారవుతుంది. నోట్ల ముద్రణ నాసిక్, దేవాస్, మైసూరు, సల్బోని ముద్రణాలయాలలో జరుగుతుంది. మన చర్లపల్లి టంకశాలలో తయారయ్యేవి నాణేలు మాత్రమే.

లైటు వేసేటప్పుడు గదిలో ట్యూబులైటు ఆపండి. కుదరకపోతే బల్ల కిందో, డ్రాయరు సొరుగులోనో నోటు పెట్టి చూడండి. ఎండలో, మంచి వెలుతురులో ఈ పరీక్ష పనిచేయదు. తర్వాత మూడు సంగతులు గమనించండి.

మొదటిది కాగితం. అసలు నోటు కాగితం నీలికాంతి కింద మందంగా, మసకగా ఉండిపోతుంది. పక్కన ఒక జిరాక్సు కాగితం పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఆ కాగితం నీలంగా ధగధగలాడుతుంది. మామూలు కాగితం మీద రంగు ప్రింటరుతో తీసిన నకిలీ కూడా అలాగే ధగధగమంటుంది. పిల్లలాటలాంటి ఇటువంటి నకిలీలను పట్టడానికి ఈ లైటు అక్కరకొస్తుంది.

రెండవది నంబరు. నోటు వరుస సంఖ్యను మెరిసే సిరాతో ముద్రిస్తారని రిజర్వు బ్యాంకు చెబుతోంది. లైటు కింద ఆ అంకెలు వెలుగుతాయి.

మూడవది నూలుపోగులు. కాగితం తయారుచేసేటప్పుడే అందులో వెంట్రుకల్లాంటి సన్నని పోగులు కలుపుతారు. మామూలు వెలుతురులో అవి కనబడవు. యూవీ కింద అక్కడక్కడ రంగురంగుల చిన్న గీతల్లా మెరుస్తాయి. అవి కాగితంలో చెదురుమదురుగా ఉంటాయి. ఏ రెండు నోట్లలోనూ ఒకే చోట ఉండవు. మీ దగ్గర అనుమానపు నోట్లు రెండుంటే, రెండింటిలోనూ పోగులు సరిగ్గా ఒకే చోట కనబడితే అవి పోగులు కావని, అచ్చువేసిన గీతలని అర్థం.

ఇంకో మాట. ఏ నోటునూ ఒంటరిగా చూసి నిర్ణయించకండి. బ్యాంకు కౌంటరులో తీసుకున్న అదే విలువ, అదే నమూనా నోటును పక్కన పెట్టుకుని పోల్చండి. మెరుపు ఎంత ఉండాలో మాటల్లో చెప్పడం కష్టం. పక్కన మంచి నోటు ఉంటే కన్నే చెబుతుంది.

లైటు పొరబాటు పడేచోట్లు

మొదటి పొరబాటు మంచి నోటును దొంగ అనడం. చొక్కా జేబులో మరచిపోయిన నోటు సబ్బునీళ్ళలో నానిందనుకోండి. సబ్బుపొడిలోని మెరిసే పదార్థం నోటుకు అంటుకుంటుంది. లైటు వేస్తే ఆ నోటు నకిలీ కాగితంలాగే నీలంగా వెలుగుతుంది. నోటు మాత్రం నిఖార్సయినదే. లైటు ఒక్కటే నమ్ముకున్న దుకాణదారు ఆ నోటు తెచ్చిన మనిషిని దొంగను చూసినట్టు చూస్తాడు. ఇళ్ళలో బట్టలుతికి కూలి తెచ్చుకునేవారి చేతుల్లోకి ఇటువంటి నోట్లు రావడం సహజం. వారి గౌరవం మన చేతిలోని టార్చి కన్నా విలువైనది.

రెండవ పొరబాటు దొంగనోటును మంచిదనడం. మెరిసే సిరా బజారులో దొరకని వస్తువేమీ కాదు. తెలివైన దొంగ నంబరును ఆ సిరాతోనే వేస్తాడు, పోగుల్లా గీతలు కూడా గీస్తాడు. మెరుపు కనబడగానే తృప్తిపడితే అతని పని సులువవుతుంది.

దొంగలు ఈ పరీక్షను ఎంత శ్రద్ధగా చదువుతారో చెప్పే ఉదాహరణ చరిత్రలో ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో నాజీలు బ్రిటిషు పౌండ్లకు నకిలీలు వేయించారు. జాక్సన్‌హౌజన్ నిర్బంధ శిబిరంలోని యూదు ఖైదీల చేత ఈ పని బలవంతంగా చేయించారు. మొదట వారు తయారుచేసిన కాగితం అన్ని విధాలా సరిపోయినా, యూవీ దీపం కింద రంగు తేడాగా కనబడింది. ఆరా తీస్తే కారణం తెలిసింది: ఇంగ్లండులో కాగితానికి వాడే గుడ్డపీలికలు ఒకసారి వాడి ఉతికినవి, వీరు వాడినవి కొత్తవి. దాంతో గుడ్డలను ముందు కార్ఖానాల్లో వాడించి, ఉతికించి, ఆ తర్వాత కాగితం చేశారు. తేడా మాయమైంది. ఒక్క పరీక్ష మీద ఆధారపడితే దాన్ని దాటే దారి ఎవరో ఒకరు కనిపెడతారని ఈ సంగతి చెబుతోంది.

మూడవ పొరబాటు లైటుదే. చౌకగా దొరికే టార్చిలలో చాలావరకు 395 నానోమీటర్ల కిరణాలిచ్చేవి. వాటిలో కంటికి కనబడే ఊదారంగు ఎక్కువగా కలిసి ఉంటుంది. నోటంతా ఊదాగా కనబడి అసలు మెరుపు అందులో కలిసిపోతుంది. 365 నానోమీటర్లు అని రాసి ఉన్నవి ఈ పనికి మెరుగు. కొనేముందు అక్కడే ఒక మంచి నోటు మీద వేసి, నంబరు, పోగులు స్పష్టంగా కనబడుతున్నాయో లేదో చూసుకోండి. ఒక జాగ్రత్త: ఈ లైటును కళ్ళలోకి వేసుకోకూడదు, పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వకూడదు. వెలుతురు తక్కువగా కనబడడంతో కన్ను దానంతటది ముడుచుకోదు. హాని మాత్రం జరుగుతుంది.

లైటు కన్నా ముందు వేళ్ళు

ఏ ఖర్చూ లేని పరీక్షలు నోటులోనే ఉన్నాయి. అయిదు వందల నోటు చేతిలోకి తీసుకోండి. ఇది మహాత్మాగాంధీ కొత్త శ్రేణి నోటు, రాతిబూడిద రంగు, వెనుకవైపు ఎర్రకోట బొమ్మ, వెడల్పు 66 మిల్లీమీటర్లు, పొడవు 150 మిల్లీమీటర్లు.

ముందు తడిమి చూడండి. గాంధీగారి బొమ్మ, కుడివైపు అశోకస్తంభం గుర్తు, రెండు అంచుల దగ్గరా అయిదేసి వాలుగీతలు, కుడివైపు గుండ్రని గుర్తు వేలికి ఉబ్బెత్తుగా తగలాలి. రెండు వందల నోటుకు నాలుగేసి వాలుగీతలు, వాటి మధ్య రెండు చుక్కల్లాంటి గుండ్రాలు ఉంటాయి. వంద నోటుకు నాలుగేసి గీతలు, త్రికోణం గుర్తు ఉంటాయి. ఇవి చూపులేని సోదరీసోదరుల కోసం పెట్టినవి. చూపున్నవారికి కూడా ఇంతకన్నా త్వరగా అందే పరీక్ష లేదు. రోజూ నోట్లు లెక్కపెట్టే బ్యాంకు క్యాషియరు లైటు దాకా వెళ్ళకుండానే ఆగిపోతాడంటే, ముందుగా పసిగట్టేది అతని వేలే. చూపులేనివారి కోసం రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న ‘మణి’ అనే ఫోను యాప్ విడుదల చేసింది. అది నోటు విలువను పలుకుతుంది. అసలో నకిలీయో మాత్రం చెప్పదు. ఆ తేడా మన ఇళ్ళలోని పెద్దలకు చెప్పి ఉంచండి.

తర్వాత వాల్చి చూడండి. నోటును అటూ ఇటూ వంచితే దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి. ఆ దారం మీద దేవనాగరిలో ‘భారత్’ అని, ఇంగ్లీషులో ఆర్‌బీఐ అని ఉంటుంది. ముందువైపు కుడి అడుగున రూపాయి గుర్తుతో ఉన్న 500 అంకె కూడా అలాగే ఆకుపచ్చ నుంచి నీలానికి మారాలి. రెండు వందల నోటులోనూ ఈ రెండూ ఉంటాయి. వంద నోటులో దారం మాత్రమే రంగు మారుతుంది. ఈ రంగు మార్పును ప్రింటరుతో తేవడం కుదరదు. మెరుపు కాగితం అంటించిన నకిలీలు తళుక్కుమంటాయి గాని రంగు మార్చవు.

మూడవది, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. ఖాళీగా ఉన్న చోట గాంధీగారి నీడబొమ్మ, దాని పక్కన 500 అంకె కాగితం లోపల కనబడాలి. ఎడమవైపు ముందు సగం, వెనుక సగం ముద్రించిన 500 అంకె ఎదురు వెలుతురులో ఒకటిగా అతుక్కోవాలి. దారం తెగకుండా పైనుంచి కిందికి ఒకే గీతలా కనబడాలి.

చివరగా అక్షరాలు చదవండి. నంబరులోని అంకెలు ఎడమ నుంచి కుడికి క్రమంగా పెద్దవవుతాయి. నోటు వెనుక 15 భాషల పట్టీ ఉంటుంది. అందులో మన తెలుగు కింది నుంచి రెండవది. తెలుగు చదవగలిగిన మనకు ఇదొక వరం. ఆ చిన్న అక్షరాలు అసలు నోటులో తీరుగా, స్పష్టంగా ఉంటాయి. నకిలీలో అలుక్కుపోయినట్టు కనబడవచ్చు.

ఈ నాలుగు పనులకూ అలవాటైతే పది సెకన్లు చాలు. అప్పటికీ అనుమానముంటే లైటు తీయండి. మూడు నాలుగు గుర్తులు కలిసి ఒకే మాట చెబితేనే నమ్మండి. ఒక్క గుర్తు తేడాగా ఉందని నోటును, తెచ్చిన మనిషిని తోసిపుచ్చకండి.

వాట్సాప్ చెప్పే గుర్తులు

నోట్ల గురించి మనకు తెలిసిన దాంట్లో సగం వాట్సాప్ నుంచి వచ్చిందే. అందులో చాలావరకు అబద్ధం. 2016లో రెండు వేల నోటులో ఉపగ్రహానికి కబురు పంపే చిప్ ఉందన్నారు. అటువంటిదేమీ లేదు. అయిదు వందల నోటులో ఆకుపచ్చ దారం గాంధీగారి బొమ్మకు దగ్గరగా ఉంటే నకిలీ అని ఒక వీడియో తిరిగింది. కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం దాన్ని ఖండించింది. రెండు రకాలూ చెల్లుతాయి. నంబరు మధ్యలో నక్షత్రం ఉంటే దొంగనోటు అన్నది మరో పుకారు. ముద్రణలో పాడైన నోటుకు బదులుగా వేసిన నోటుకు ఆ నక్షత్రం పెడతారు. అది అన్ని నోట్లలాగే చెల్లుతుందని రిజర్వు బ్యాంకు 2023 జూలైలో స్పష్టం చేసింది.

ఈ పుకార్ల వల్ల నష్టం దొంగకు కాదు. నక్షత్రం ఉందని ఒక మంచి నోటును కాదన్నప్పుడు, బస్సు ఛార్జీ ఇవ్వలేక దిగిపోయేది ఒక పేద ప్రయాణికుడు. చినిగిన, మాసిన, తడిసిన నోటును కూడా నకిలీతో కలపకండి. అటువంటి అసలు నోట్లను మార్చి ఇవ్వడానికి నోట్ల వాపసు నియమాలు ఉన్నాయి. మాసిన నోటును ఏ బ్యాంకు శాఖలోనైనా మార్చుకోవచ్చు. చినిగిన నోటుకు ఎంత భాగం మిగిలిందో చూసి ఆ నియమాల ప్రకారం విలువ కడతారు.

నకిలీ అని తేలితే

ఇక అసలు పరీక్షకు వద్దాం. చేతిలో ఉన్నది దొంగనోటు అని మనకే నమ్మకం కుదిరింది. ఎవరు ఇచ్చారో గుర్తులేదు. అయిదు వందలు పోయినట్టే. ఆ క్షణంలో చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే: సాయంత్రం రద్దీలో ఎక్కడో మార్చేద్దాం. పెట్రోలు బంకులోనో, చీకటిపడ్డాక కూరగాయల బండి దగ్గరో.

చట్టం ఈ ఆలోచనను తేలికగా చూడదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 178వ సెక్షను నకిలీ నోట్లు తయారుచేయడం గురించి, 179వది నకిలీ అని తెలిసి వాటిని అసలువిగా చలామణి చేయడం గురించి. రెండింటికీ యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. తెలిసి, చలామణి చేసే ఉద్దేశంతో దగ్గర ఉంచుకోవడం 180వ సెక్షను కింద నేరం, ఏడేళ్ళ దాకా జైలు. అయితే న్యాయమైన దారిలో తన దగ్గరికి వచ్చిందని నిరూపించుకున్నవారికి ఆ సెక్షను కింద నేరం అంటదని చట్టమే వివరణ ఇచ్చింది. తెలియక పుచ్చుకున్నవాడు నేరస్థుడు కాడు. తెలిసి పక్కవాడికి అంటగట్టిన క్షణాన అతడు గీత దాటుతాడు.

చేయవలసిన పని బ్యాంకుకు తీసుకెళ్ళడం. అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. కౌంటరులో పరీక్షించి నకిలీ అని తేలితే దాని మీద ‘నకిలీ నోటు’ అని ముద్ర వేసి జప్తు చేస్తారు. నోటు తిరిగి ఇవ్వరు, దానికి డబ్బూ ఇవ్వరు. కాని రసీదు ఇవ్వడం బ్యాంకు బాధ్యత. ఆ రసీదు మీద క్యాషియరు సంతకం, తెచ్చినవారి సంతకం ఉంటాయి. మనం సంతకానికి ఒప్పుకోకపోయినా రసీదు ఇవ్వాల్సిందే. అడిగి తీసుకుని దాచుకోండి. మీరు దాచలేదని, దాటవేయలేదని చెప్పే సాక్ష్యం అదే.

ఒకే లావాదేవీలో నాలుగు వరకు నకిలీలు ఉంటే బ్యాంకు వాటిని నెలకొకసారి పోలీసులకు పంపే నివేదికలో చేరుస్తుంది. అయిదు, అంతకుమించి ఉంటే ఎఫ్‌ఐఆర్ కోసం వెంటనే పోలీసులకు తెలియజేస్తుంది. ఒకటి రెండు నోట్లు తెచ్చిన మామూలు మనిషిని స్టేషను చుట్టూ తిప్పడానికి ఈ నియమాలు పెట్టలేదు. ఆ భయంతోనే చాలామంది బ్యాంకుకు వెళ్ళకుండా నోటును ఇంకొకరికి తోసేస్తున్నారు. నకిలీని చింపి పారేసినా పోలీసులకు ఆనవాలు దొరకదు. బ్యాంకులో ఇస్తే అది ఎక్కడ పుట్టిందో వెదికే పనికి ఒక దారం దొరుకుతుంది.

ఈ నష్టం భరించమని చెప్పడం సులువు, భరించడం కష్టమని మాకు తెలుసు. రోజుకు ఆరేడు వందలు సంపాదించేవారికి అది ఒక రోజు బతుకు. అందుకే ఈ భారం ఒక్కరి మీద వదలకూడదని మా మనవి. మీ కొట్లో పనిచేసే అబ్బాయి పొరబాటున దొంగనోటు తీసుకుంటే అతని జీతంలో కోయకండి. పరీక్షించడం నేర్పడం యజమాని పని. మీ వీధిలో బండివాడు మోసపోతే అయిదుగురు కలిసి ఆ లోటు పూడ్చండి. తలా వంద వేసుకుంటే అయిదు వందలు పెద్ద మొత్తం కాదు.

సంఘంలో లెక్క దగ్గర

కానుకలు లెక్కించే చోట కూడా నకిలీ నోట్లు రావచ్చు. పండుగ దినాల్లో, కోతకాలపు కానుకల వేళ నోట్లు కుప్పగా వస్తాయి. కవరులో వేసినవారు తెలిసి వేశారో, తెలియక వేశారో మనకు తెలియదు. ముందు తెలియక అనే అనుకుందాం. లెక్క ఎప్పుడూ ఇద్దరికి తక్కువ కాకుండా కూర్చుని చేయండి. అనుమానపు నోటు వస్తే దాని నంబరు, తేదీ పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం చేసి, వేరు కవరులో పెట్టి సోమవారం బ్యాంకుకు పంపండి. బ్యాంకు రసీదును ఆ పుస్తకానికే జతచేయండి. ఎవరి కవరో తెలిసినా ఆ పేరు బయట పలకవద్దు. అవసరమైతే వారిని ఒంటరిగా కలిసి చెప్పండి. దొంగనోటును చిల్లర మార్పిడిలో కలిపేసి లెక్క సరిచేసుకోవడం మాత్రం చేయవద్దు. సంచిలో పెద్దది ఒకటి, చిన్నది ఒకటి, రెండు రకాల తూనికరాళ్ళు పెట్టుకోవడాన్ని మోషే ధర్మశాస్త్రం నిషేధించింది. తెలిసీ నకిలీని మార్చడం ఆ రెండో రాయిలాంటిదే.

ఇంకొక మాట లైటు పట్టుకునేవారికి. ముఖం చూసి నోటు పరీక్షించకండి. చొక్కా మాసినవారి నోటు మీదే లైటు వేసి, కారు దిగినవారి నోటును గల్లాపెట్టెలో వేసుకుంటే మీరు పరీక్షిస్తున్నది నోటును కాదు. అయిదు వందల నోటు ఎవరిదైనా చూస్తామని బల్ల మీద ఒక చీటీ పెట్టండి. అందరివీ అందరి ఎదుటే చూడండి. చూశాక “మంచిదేనండీ” అని ఒక మాట అనండి. ఆ మాటకు ఖర్చు లేదు.

ఇంతా చెప్పి మా సలహా ఒక్క వాక్యంలో చెప్పవలసి వస్తే: ఈ వారంలో ఒక మంచి అయిదు వందల నోటు తీసుకుని, ఇంట్లో చిన్నా పెద్దా అందరినీ కూర్చోబెట్టి, తడిమి, వాల్చి, వెలుతురుకు పట్టి ఒకసారి చూపించండి. లైటు ఉంటే అది కూడా వేయండి. మంచి నోటు ఎలా ఉంటుందో బాగా తెలిసిన చేతికి దొంగనోటు తగలగానే అదే చెబుతుంది.